బందెలదొడ్డిలో ఓబులేసు

పెద్దారవీడు, శుక్రవారం, జూన్ 1957

చెన్నయ్య మోకాలు చిట్లింది. నాకు జాలి లేదు.

వాడి తమ్ముడు ఓబులేసుకు ముప్పై ఏళ్లు. మాట రాదు, బుద్ధి పసివాడిది. చెన్నయ్య వాణ్ణి గొర్రెల దొడ్డిలో గొలుసుతో కట్టేసి ములుగర్రతో పొడుస్తుంటే, పోయిన వారం పంచాయతీ బోర్డులో బల్ల గుద్ది అడిగాను. పైరు మేసిన ఎద్దును కూడా బందెలదొడ్డిలో పెట్టి నీడ, నీళ్లు, గడ్డి ఇస్తారే, మనిషికి ఆపాటి రక్షణ లేదా? అందరూ తలలూపారు. తీర్మానం నేనే రాశాను.

ఈరోజు చూస్తే ఓబులేసు నిజంగానే బందెలదొడ్డిలో ఉన్నాడు, రెండు ఎద్దుల మధ్య. కాపలా చెన్నయ్యదే. గొలుసు అదే, ములుగర్ర అదే.

ప్రెసిడెంటును అక్కడికే లాక్కొచ్చాను. నవ్వుతున్నాడు!

"నువ్వన్నట్లే చేసినాం గదా మామా! నీడ ఉంది, నీళ్లున్నాయి, గడ్డి గూడా ఏపిచ్చినాం."

"నీ ఇంట్లోవాళ్లకు గూడా గడ్డే పెడతావేందిరా?"

చెన్నయ్య చేతిలోని ములుగర్ర లాక్కుని వాడి మోకాళ్ల మీద బాదాను. అరుస్తూ కూలబడ్డాడు. ఇంకో రెండు వేశాను.

తర్వాత గొలుసు విప్పాను. రా నాయనా, ఇంటికి పోదాం అన్నాను. ఓబులేసు కదల్లేదు. నా చేతిలోని కర్రనే చూస్తూ, మెల్లగా ఎద్దు వెనక్కి జరిగి తల దాచుకున్నాడు.