ఓదెలు స్టిక్ ముట్టలేదు

కొత్తవాడ, వరంగల్
20 ఫిబ్రవరి 1979

మిల్లు హాకీ టీం సెక్రటరీ కిషన్ రావు గారికి, కొత్తవాడ జంపఖానాల నేతగాడు చేతులు జోడించి రాస్తున్నది.

ఈ నెల పదకొండున జరిగిన ఆటలో ఓదెలు ఒప్పందం తప్పాడని మీరు పంపిన నోటీసు అందింది. ఆయన తరఫున నేను జవాబు రాస్తున్నాను.

పదిహేనేళ్లు మీ గోలు కాసిన మనిషికి, కాంట్రాక్టు ఇంకా రెండేళ్లుండగానే, ఆ జీతమంతా ఒకేసారి ఇచ్చి ఇంటికి పంపారు. ఈ రెండేళ్లూ ఎక్కడా ఆడకూడదని సంతకం తీసుకున్నారు. ఆ కోపంతోనే అభిమానులం ఒక టీం కట్టి మిమ్మల్ని ఆటకు పిలిచాం.

ఆ రోజు ఓదెలు స్టిక్ ముట్టలేదు. మా గోలు వెనుక కూర్చుని చాయ్ తాగుతూ నాతో ముచ్చట పెట్టాడు, అంతే. మీ కెప్టెన్‌ను చూపించి, "గా రాయమల్లు ఎప్పుడైనా ఎడమ దిక్కే మర్లుతడు, సూడు" అన్నాడు. ఆయన గొంతు జర పెద్దది. అది మావాళ్లకు వినబడితే నేరమా? మాట్లాడకూడదని కాగితంలో లేదు కదా! మీరు ఒక్క గోలుతో ఓడారు.

మీరు జీపెక్కి వెళ్లిపోయాక మీ కెప్టెన్ రాయమల్లు తలవంచుకుని ఆయన దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నేనెక్కడ తప్పిన్నో జర చెప్పరాదే."

ఓదెలు కళ్లు తుడుచుకున్నాడు. "నేను ముట్టద్దు గదరా. కట్టె నువ్వే పట్టు, చెప్త" అన్నాడు.

కనుక నోటీసు వాపసు తీసుకుని, ఆయన్ను కోచ్‌గా పెట్టుకోగలరు. ఇప్పటికే మీ ఆటగాళ్లు నలుగురు రోజూ సాయంత్రం మా వాడకొస్తున్నారు. పేర్లు మాత్రం అడగకండి.

ఇట్లు,
మీ టీంను పదిహేనేళ్లుగా తిడుతూ చూసిన అభిమాని