డబ్బాలో ఈల

పరిశోధనాలయంలో కూర్చున్న పెద్దలకు, గొడుగులు బాగుచేసే మేస్త్రి దండాలు.

ఒకప్పుడు మీ ప్రహరీ నీడలో కాసేపు నిలబడితేనే కాపలావాడు కర్ర తిప్పేవాడు. ఇప్పుడేమో మీరే గడప గడపా ఎక్కి, ఇంటికో డబ్బా ఇచ్చి, "ఇది మీ ఇంట్లో చప్పుళ్లు వింటుంది, మీరేం గమనించారో రాయండి, విజ్ఞానంలో మీరూ భాగస్థులే" అంటున్నారు. చదువు ఏడులోనే ఆగినా భాగస్థుణ్ణి కదా, రాస్తున్నా. మీ డబ్బా ఈల వేస్తోంది. పోయిన మా బావ గడ్డం గీసుకుంటూ వేసేవాడే, అచ్చం అదే ఈల.

ఇట్లు,
మీ భాగస్థుడు

తా.క.: నేనే వేశాననుకునేరు. నా ముందు పళ్లు ఊడి ఏళ్లయింది. ఈల వేయబోతే ఎదుటివాడి మొహం తడవడమే.

*

మేస్త్రిగారికి నమస్కారం.

మిగతా ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ డబ్బా మీద పూలకుండీ పెట్టుకోవచ్చా అని అడిగినవే. మీది చదివి మా పెద్ద శాస్త్రవేత్తగారు లేచి వెళ్లి కిటికీ మూసేశారు. ఈల ఇంకెవరైనా విన్నారా?

భవదీయురాలు,
ప్రజాసంబంధాల అధికారి

తా.క.: డబ్బా తెరవకండి.

*

అధికారమ్మగారికి దండాలు.

ఈలతో ఆగలేదమ్మా. మా బావ ఇప్పుడు దగ్గుతున్నాడు. చొక్కా గుండీ ఊడిందని విసుక్కుంటున్నాడు కూడా. పోయినా మనిషి మారలేదు.

మీ భాగస్థుడు

తా.క.: మొన్నటి ఉత్తరం పైకి చదువుకుని నవ్వుకుంటుంటే మా అక్క వినేసింది. బావ పోయాక నోరు విప్పని మనిషి, డబ్బా ముందు పీట వేసుకుని కూర్చుంది. సూదీ దారం అడిగింది.

*

మేస్త్రిగారికి,

డబ్బాను వెంటనే స్వాధీనం చేసుకోమని ఆదేశం వచ్చింది. ఈ వారంలోనే వస్తాం. సహకరించగలరు.

ప్రజాసంబంధాల అధికారి

*

అమ్మా, మీకో దండం, రాకండి.

మీరిచ్చిన రోజే గొడుగు పుల్లతో ఆ డబ్బా తెరిచా. లోపల గాలి తప్ప ఏం లేదు. ఖాళీ డబ్బా ఇచ్చి మమ్మల్ని వెర్రివాళ్లను చేస్తారా అని మంట పుట్టి, ఈల అని, దగ్గు అని కోతలు కోశా. అంతా నా కొంటెతనం. కానీ అక్క ఇప్పుడు కడుపునిండా తింటోంది. "ఒరేయ్, మీ బావ ఇవాళ పొద్దున్నే మొదలెట్టాడ్రా" అని నవ్వుతోంది. డబ్బా పట్టుకెళ్తే మళ్లీ మంచం పడుతుంది. ఖాళీదని మాత్రం అక్కకి చెప్పకండి. కావాలంటే నన్ను జైల్లో పెట్టించండి.

గొడుగుల మేస్త్రి

తా.క.: జైల్లో పెట్టిస్తే వానాకాలం అయ్యాక పెట్టించండి. చేతినిండా పని ఉంది.

*

మేస్త్రిగారికి,

డబ్బా ఖాళీదే. మా మాటను జనం ఎంతవరకు నమ్ముతారో చూడడమే అసలు పరిశోధన. ఇప్పుడు ఆపేశాం.

మీ ఉత్తరం అందేలోపే మీ ఇంటికి వచ్చాం. డబ్బాను మీ అక్కగారే తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఖాళీదని నాకు తెలుసమ్మా. నా కోసం మా తమ్ముడే గోడ వెనక నక్కి ఈల వేస్తున్నాడు. పాపం, వాళ్ల బావ ఈల ఎప్పుడు నేర్చుకున్నాడో! నాకు తెలిసిపోయిందని వాడికి చెప్పకండి, మానేస్తాడు" అన్నారు. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ గోడ వెనక నుంచి ఈల వస్తూనే ఉంది. మేమంతా విన్నాం. మీరు ఇంట్లోనే ఉన్నారనుకుని నవ్వుకుంటూ బయల్దేరాం.

బజారు మలుపులో మీ కొట్టు కనిపించింది. మీరు గొడుగుకి గుడ్డ కుడుతున్నారు. నన్ను చూసి నవ్వారు. ముందు పళ్లు లేవు.

జనం చెప్పేది విందామని బయల్దేరిన వాళ్లం మేం. విన్నది పైవాళ్లకు రాయడానికి మాలో ఎవరికీ చెయ్యి రావడం లేదు.

భవదీయురాలు

తా.క.: మీ అక్కగారికి నేనేమీ చెప్పలేదు. మీరూ చెప్పకండి. ఆవిడ గుండీ కుట్టిన చొక్కా గోడ వెనక కొక్కేనికి తగిలించి ఉంచారట. మధ్యాహ్నానికల్లా అది అక్కడ ఉండదట. మీరే వేసుకుంటున్నారని ఆవిడ అనుకుంటున్నారు.