సూపులో ఇంకేం వేస్తారు?

చిరంజీవి పెద్దోడికి, అమ్మ దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ, మీ నాన్నా, నీ భార్యా ముగ్గురం కులాసా. అమ్మ కులాసా అని ముందే రాసిందంటే వెనక ఏదో ఉందనుకుని కంగారుపడకు. ఉంది గానీ, నువ్వు కంగారుపడేంతది కాదు. నా వంతు నేను పడ్డాను, ఇద్దరికీ సరిపోతుంది.

ఓడ అడుగున పడుకుని వెల్డింగు చేస్తున్నానని రాశావు. ఆ ఓడ నీ మీదికి ఒరిగితే ఎలాగని మూడు రోజులు నాకు తిండి సయించలేదు. కింద దుంగలు పెడతారులే అని మీ నాన్న అన్నారు. ఆ దుంగలు పుచ్చినవేమో ఒకసారి చూసుకో. మెడకు గుడ్డ చుట్టుకో, నిప్పురవ్వలు చొక్కాలోకి పడతాయి.

ఇక నువ్వు అడిగినవాటికి జవాబు. కోడలు మామగారితో ఇంకా రాజకీయాలు వాదిస్తోందా అన్నావు. వాదిస్తోంది. పొద్దున పేపరు రాగానే చెరో కాగితం లాక్కుని మొదలుపెడతారు. పక్కవాళ్ళు నిజం గొడవ అనుకుంటారేమోనని నేను లేచి కిటికీ మూస్తాను. కానీ ఓట్ల రోజు ఏమైందో విను. మీ నాన్నకు మోకాలు పట్టేసింది. ఆయన వెళ్ళకపోతే ఈ పిల్ల పార్టీకే మంచిది. అయినా పనికి ఆలస్యమైనా సరేనని ఆయన్ని భుజానికి ఆనించుకుని, మెట్లు దింపి, బడి దాకా నడిపించి, వరసలో పక్కనే నిలబడి తీసుకొచ్చింది.

"నీ ఓటును నా ఓటు కొట్టేసిందమ్మాయ్," అన్నారు మీ నాన్న, కుర్చీలో కూలబడుతూ.

"తెలుసు మామయ్యా. వచ్చేసారీ నేనే తీసుకెళతాను. ఈలోగా మీ బుర్ర మారుస్తాను," అంది. ఆయన ఆ రోజంతా తలుచుకుని తలుచుకుని నవ్వారు.

దేవుడి మాటా అడిగావు. తను ప్రార్థన చెయ్యదు, అది మారలేదు. కానీ చిన్న అక్షరాలు నాకు అలుక్కుపోతున్నాయని, పని నుంచి రాగానే కాళ్ళూ చేతులూ కడుక్కుని నా ప్రార్థన పుస్తకం తనే చదివి పెడుతోంది. గబగబా తోసెయ్యదు. నేనెక్కడ ఆగుతానో అక్కడ ఆగుతుంది. నమ్మకం లేకుండా ఎలా చదువుతావమ్మా అని అడిగాను. "నమ్మేది మీరు గదా అత్తమ్మా, నాది చదవడం వరకే," అంది. దేవుడికి కోపం వస్తుందేమోనని ముందు భయపడ్డాను. ఇప్పుడు, నా గొణుగుడు కన్నా ఆ గొంతే ఆయనకు బాగా వినపడుతుందేమో అనిపిస్తోంది.

మాంసం మానిన సంగతి. మనం తింటుంటే ముఖం చిట్లించదు. ఒకరోజు అలవాటుకొద్దీ, "ఇవాళ నీచు వండాను, నీకు వేరే గిన్నెలో చేశా," అన్నాను. "మీరు ఇష్టంగా తినేదాన్ని నీచు అనకండి అత్తమ్మా, మాంసం అనండి," అంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అంటున్న మాటే, అందులో ఏముందో ఏనాడూ వినలేదు. మానేసిన పిల్ల చెబితే వినపడింది.

ఇప్పుడు అసలు సంగతి. ఫోనులో చెబుదామంటే నువ్వు సగంలోనే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, చివరిదాకా చదువు.

కోడలికి రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ చెప్పి మాత్రలు రాసిచ్చినప్పుడు, "అమ్మా, ఎలాగైనా తినిపించు" అని రాశావు. ఆ ఎలాగైనా అన్న మాట నా తలలో దూరి కూర్చుంది. పిల్ల పాలిపోయి ఉంది. కుట్టుమిషను మీద కూర్చుని కళ్ళు తిరిగితే? సూది వేల్లో దిగితే? రోజూ కూరగాయల సూపు చేసిస్తున్నాను గదా, అందులో ఎముకలు ఉడకబెట్టిన నీళ్ళు కలిపాను. గుడ్డలో వడగట్టి, పైన తేలిన కొవ్వు తీసేసి, వాసన తెలియకుండా మిరియాలు దండిగా దంచి వేశాను. ఒకరోజు కాదురా, నెల్లాళ్ళు. "మీ చేతి సూపు తాగితే ప్రాణం లేచొస్తోంది," అనేది. ఆ మాటకు సంతోషించాను కూడా.

రెండోసారి పరీక్ష చేస్తే రక్తం పెరిగింది. కుట్టుపని షెడ్డులో అందరికీ చెప్పుకుంది, మాంసం లేకుండానే పెరిగింది చూడండి అని. ఆ పిల్ల అబద్ధం ఆడదని అక్కడ అందరికీ తెలుసు.

పోయిన ఆదివారం షెడ్డులో బట్టలు కత్తిరించే ఆవిడని వెంటబెట్టుకుని వచ్చింది. కత్తెరక్క అంటారు. పిండిలా తెల్లగా ఉంది మనిషి. "పెద్దమ్మా, నాకూ రక్తం తక్కువే. మీ కోడలు చెప్పిందని నేనూ మాంసం మానేశా. ఆ సూపు ఎలా చేస్తారో చెప్పండి," అంది.

క్యారెట్లన్నాను, చిక్కుళ్ళన్నాను, మిరియాలన్నాను.

కోడలు నా పక్కన చేరి, "ఇంకేదో వేస్తారక్కా, చెప్పరు చూడు, అంతా గుట్టు! సూపులో ఇంకేం వేస్తారు అత్తమ్మా?" అని నా భుజం కుదిపింది.

నేను ఇంకో కూరగాయ పేరు చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ తెల్లటి మొహం నాకెదురుగా ఉంది. "ఎముకలు," అన్నాను.

కోడలు నా భుజం మీది చెయ్యి తీసేసింది. ఆవిడ వైపు తిరిగి, "అక్కా, నా మాట విని నువ్వేదీ మానకు. నీ డాక్టరు ఏం చెబితే అది చెయ్యి. నాకు మాత్రల వల్ల పెరిగిందో, ఎముకల వల్ల పెరిగిందో తెలీదు. కూరగాయల వల్ల అని మాత్రం ఇక చెప్పలేను," అంది. మర్నాడు షెడ్డులో మిషన్లు ఆపించి అందరి ముందూ అదే మాట చెప్పిందట. "ఇన్నాళ్ళూ ముక్కల నీళ్ళు తాగి మాకు నీతులు చెప్పావా," అని ఎవరో ఎగతాళి చేశారట. తెలియక తాగాను, తెలియక చెప్పాను అందట. ఎవరు పోశారో చెప్పలేదట. కత్తెరక్కే వచ్చి చెప్పింది నాకు.

ఆ పిల్ల వంట్లోకి మాంసం పోసినందుకు ఒక బాధ, నోట్లో అబద్ధం పెట్టినందుకు ఇంకో బాధ. రెండోదే నన్ను ఎక్కువ తింటోంది.

నాలుగు రోజులు తనే వండుకుంది, చిన్న గిన్నెలో, వేరుగా. నాతో మాట్లాడింది, పుస్తకం చదివింది, మీ నాన్నతో వాదించింది. నా చేతి ముద్ద మాత్రం ముట్టలేదు. ఇక జన్మలో ముట్టదేమో అనుకున్నాను. వాడికి చెప్పావా అని అడిగితే, "నేను రాస్తే ఫిర్యాదు అవుతుంది. మీరే రాయండి," అంది. నువ్వు తనని ఓదార్చబోకు, నన్ను వెనకేసుకురాకు. ఇంకెప్పుడూ ఉత్తరంలో ఎలాగైనా అని మాత్రం రాయకు.

ఇవాళ తనకు సెలవు. మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి నా ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది. "మీరు చేసింది తప్పు అత్తమ్మా. నాకింకా కోపం పోలేదు. ఆకలేస్తోంది, అన్నం పెట్టండి," అంది.

పెట్టాను. కాస్త ఎక్కువే పడింది. తీసెయ్యమనలేదు.

ఇట్లు,
నిన్ను కన్నదీ, ఆమెకు వండేదీ అయిన
మీ అమ్మ