దుబాసీ పెట్టె

జూన్ 4

చకచక ఫోన్ చేశాడు. వాడి అసలు పేరు ఇందులో రాయను, కాగితం పాడవుతుంది. ఏ పనైనా "చకచకా కానివ్వండి" అంటాడు కనక నేనే పెట్టిన పేరు. బ్రెయిలీ ప్రెస్సులో నా కింద పని నేర్చుకుని, నా కుర్చీలో కూర్చుని, చేతిలో ఒక గోడ గడియారం పెట్టి నన్ను ఇంటికి పంపినవాడు. ఆ గడియారం ఇంతవరకు సరైన టైము చూపించలేదు.

ఇవాళ గొంతులో తేనె. కొత్త కంప్యూటర్లు వచ్చాయట. అవి పాత ఫైల్ సర్వర్‌తో మాట్లాడటం లేదట. గురువుగారు ఒకసారి వచ్చి చూడాలట.

వాడి చేత రెండుసార్లు హలో అనిపించి, అప్పుడు వస్తానన్నాను.

జూన్ 5

నా సర్వర్ ఇంకా అదే మూల ఉంది. దాని మీద ఎవరో టీ కప్పు పెట్టి మచ్చ చేశారు. ప్రెస్సు అచ్చు వేసిన పాఠ్యపుస్తకాలన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. కొత్త కంప్యూటర్లది వేరే నెట్‌వర్క్. వైరు ఒకటే, భాషలు రెండు. ఒకే మంచం మీద అటొకరు ఇటొకరు తిరిగి పడుకున్న మొగుడూ పెళ్ళాల్లా ఉన్నాయి.

టై కట్టుకున్న కంపెనీ మనిషి ఒకడు వచ్చాడు. పాత సర్వర్ తీసి అవతల పారెయ్యమన్నాడు. ప్రూఫ్‌రీడర్ కూడా అక్కర్లేదట, ఇప్పుడు సాఫ్ట్‌వేరే దిద్దుకుంటుందట. ప్రూఫ్‌రీడర్ ఆ గదిలోనే ఉంది. నా చెల్లెలు.

చెల్లికి పుట్టుకతో చూపు లేదు. ఆమె కంప్యూటర్ ముందు ఒక పలక ఉంటుంది. ఫైలులోని అక్షరాలు దాని మీద చుక్కలై వేళ్ళ కిందికి లేస్తాయి. ఆ పలక పాత నెట్‌వర్క్‌తో తప్ప పనిచేయదు. సర్వర్ పోతే పలక పోతుంది, పలక పోతే చెల్లి ఇంట్లో కూర్చోవాలి.

చకచక నెలాఖరు దాకా గడువిచ్చాడు. ఈలోగా కొత్త కంప్యూటర్లు పాత ఫైళ్ళను ఆలస్యం లేకుండా తెరవగలిగితే సర్వర్ ఉంటుంది, చెల్లి కూడా ఉంటుంది. లేకపోతే టైవాడు చెప్పినట్టే.

సరేనన్నాను. ఆ గడువు నాకెక్కువ.

జూన్ 6

ఈ వయసులో కొత్త భాష పట్టుబడదని రాసిన పండితుణ్ణి చదివాను. పట్టుబడనిది ఆయనకేమో.

జూన్ 9

అయిపోయింది. స్టోర్‌రూములో దుమ్ము కొట్టుకుపోతున్న ఒక కంప్యూటర్ తీసుకుని, దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టాను. అటువైపు సర్వర్ భాష, ఇటువైపు కొత్త కంప్యూటర్ల భాష. కొత్తవి దీన్ని అడుగుతాయి, ఇది సర్వర్‌ను అడుగుతుంది, జవాబు తెచ్చి వాటి భాషలో చెబుతుంది. దుబాసీ అని పేరు పెట్టాను. నేను చదివిన చరిత్రలో సగం రాజ్యాలు దుబాసీల మీద నిలబడ్డాయి. మిగతా సగం దుబాసీల వల్లే కూలాయి. ఆ సంగతి టైవాడికి చెప్పినా అర్థం కాదు.

చెల్లి వచ్చి పెట్టె మీద చెయ్యి వేసి చూసింది. వేడిగా ఉందంది. పని చేసేవాళ్ళు వేడిగానే ఉంటారన్నాను. నీ చెయ్యెప్పుడూ చల్లగానే ఉంటుందే అంది.

జూన్ 12

ఇవాళ చకచకకూ టైవాడికీ చూపించాను. ఫైళ్ళన్నీ తెరుచుకున్నాయి. అయితే ప్రతి ఫైలుకూ చిన్న ఆగుడు. అది తప్పు కాదు. ఫైలు తెరిచే ముందు దుబాసీ సర్వర్ దగ్గరికి వెళ్ళి, దీన్ని ఇంకెవరైనా తీసుకున్నారా అని అడిగి వస్తుంది.

టైవాడు తన చేతి గడియారం చూసుకున్నాడు. చకచక నవ్వుతూ, ఎడ్లబండి బాగుంది గురువుగారూ అన్నాడు. నా కుర్చీలో కూర్చుని.

జూన్ 13

ఆ అడగడం ఆపేశాను. అదొక సెట్టింగు, అంతే. ఇప్పుడు దుబాసీ ఫైలు నకలు తన దగ్గరే ఉంచుకుని వెంటనే ఇచ్చేస్తుంది. ఈసారి గడియారం చూసుకోవడానికి టైవాడికి వ్యవధి దొరకలేదు. బ్యాగు సర్దుకున్నాడు. సర్వర్ ఉంటుందని చకచక అందరి ముందూ చెప్పాడు. ఆ మాట అంటుంటే వాడి మొహం చేదు మాత్ర చప్పరిస్తున్నట్టుంది.

ఇంటికొచ్చి ఆ గడియారానికి కొత్త బ్యాటరీ వేశాను. అయినా తప్పే చూపిస్తోంది. ఇవాళ నాకు కోపం రాలేదు.

జూన్ 20

రసాయనశాస్త్రం పుస్తకం అచ్చై బడికి వెళ్ళి, తిరిగి వచ్చింది. ఏడో పాఠం నిండా తప్పులు. అందులో ఒక తప్పు ఆమ్లంలో నీళ్ళు పొయ్యమంటోందట. ఉండాల్సింది నీళ్ళలో ఆమ్లం. వేళ్ళతో చదివే పిల్లలు చేసి చూస్తే ఏమయ్యేదో. వాళ్ళ మాస్టారు ముందు తాను చదివారు కనక సరిపోయింది.

ఆ పాఠం దిద్దింది చెల్లి. దిద్ది సేవ్ చేశానంటోంది. ఫైలులో ఆమె దిద్దినవి ఒక్కటీ లేవు. అక్కగారికి వయసైపోతోంది, నెలాఖరుకు విశ్రాంతి ఇద్దామని చకచక నాతో మెల్లగా అన్నాడు.

జూన్ 21

భోజనాల దగ్గర చెల్లిని అడిగాను, సేవ్ చెయ్యడం మరిచిపోయావేమోనని. నా పెట్టెలో తప్పుండదని కూడా అన్నాను.

తినడం ఆపేసింది. కంచం పక్కకు జరిపి అంది: "అన్నయ్యా, వాడంటే నేను పట్టించుకోను. నువ్వు నన్ను నమ్ముతున్నావా, నీ పెట్టెని నమ్ముతున్నావా? ఒక్కటి చెప్పు."

నేను కంచంలోకి చూస్తూ ఉండిపోయాను. జవాబు రాలేదని ఆమెకు తెలియడానికి కళ్ళు అక్కర్లేదు.

జూన్ 22

చెల్లి మాట్లాడటం లేదు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

జూన్ 23

పొద్దున్నే ప్రెస్సుకు వెళ్ళాను. రేకుల గదిలో నిలబడ్డాను. కంప్యూటర్లు రాకముందు పుస్తకాలన్నీ జింకు రేకుల మీద చుక్కలు పొడిచి ఉంచేవాళ్ళు. దిద్దడానికి ఎవరు రేకు తీసుకెళ్ళినా, ఆ అరకున్న మేకుకు తమ చెక్కబిళ్ళ తగిలించాలి. బిళ్ళ ఉందంటే రేకు వాళ్ళది, ఇంకెవరూ ముట్టకూడదు. చెల్లి బిళ్ళ అంచుకు చిన్న గాటు ఉంటుంది. సర్వర్ పెట్టిన కొత్తల్లో ఆమెకు నేనే చెప్పాను, ఇది కూడా బిళ్ళ తగిలిస్తుంది, భయపడకు అని.

ఆ బిళ్ళ చూసే పనినే నేను ఆపేశాను.

ఏడో పాఠాన్ని పలక కంప్యూటర్‌లోనూ కొత్తదానిలోనూ ఒకేసారి తెరిచాను. రెండూ కిక్కురుమనకుండా తెరుచుకున్నాయి. పలక కంప్యూటర్‌లో ఒక వాక్యం దిద్ది సేవ్ చేశాను. తర్వాత కొత్తదానిలో, తెరిచి ఉన్నదాన్ని ఊరికే సేవ్ చేశాను. దిద్దిన వాక్యం మాయం.

కొత్త కంప్యూటర్ల మీద పనిచేసే పెద్ద టైపిస్టును అడిగాను. చెల్లి దిద్దిన రోజే పొద్దున పేజీ నంబర్లు వెయ్యడానికి ఏడో పాఠం తెరిచి, సాయంత్రం వెళ్ళేటప్పుడు సేవ్ చేసిందట. ఆవిడ తప్పేమీ లేదు. ఇద్దరూ ఒకే రేకు పట్టుకున్నారు, మేకుకు బిళ్ళ లేదు.

టైవాడి గడియారాన్ని ఓడించడానికి చెల్లి వేళ్ళు కట్టేశాను.

జూన్ 24

చకచకను కొత్త కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఒక పాత ఫైలు తెరిపించి, అందులో ఒక పేజీ టైపు చెయ్యమన్నాను. అదే ఫైలు చెల్లి పలక మీద తెరిచింది. వాడు సేవ్ చేశాడు, ఆమె సేవ్ చేసింది. వాడి పేజీ పోయింది. వెతుక్కుని వెతుక్కుని నా వైపు చూశాడు. పూర్వం ఈ చూపు కోసం నేను ఎంతైనా ఇచ్చేవాణ్ణి.

"ఇది నేను చేసిన తప్పు. చెల్లిది కాదు," అన్నాను. గది నిండా మనుషులు ఉన్నారు. టైపిస్టు తల వంచుకుంది.

సెట్టింగు మళ్ళీ మార్చాను. ఈసారి చెల్లి తెరిచిన ఫైలును వాడు తెరవబోతే, ఇది వేరొకరి దగ్గర ఉందని తెర మీద వచ్చింది. కానీ ఎడ్లబండి మళ్ళీ ఎడ్లబండే.

ఎంత ఆలస్యమని అడిగాడు. ఒక్కసారి ఊపిరి పీల్చుకునేంత అన్నాను.

వాడు నిజంగానే ఊపిరి పీల్చి చూశాడు. తర్వాత, "ఉండనివ్వండి గురువుగారూ. అక్కగారు కూడా ఉంటారు," అన్నాడు. వాడిలో ఆ మాత్రం మనిషి ఉన్నాడని నాకు తెలియదు. తెలియకుండా ఉంటేనే హాయిగా ఉండేది. తిట్టుకోవడానికి ఇప్పుడు వేరే ఎవరినైనా చూసుకోవాలి.

జూన్ 30

ఏడో పాఠం మళ్ళీ అచ్చైంది. చెల్లి దిద్దినవన్నీ ఉన్నాయి. అయినా ఇంట్లో మాటల్లేవు. నేనడిగిన ప్రశ్నను తీసేసే సెట్టింగు ఎక్కడా లేదు.

జూలై 2

లేచేసరికి నా గది తలుపు గడియకు చెక్కబిళ్ళ వేలాడుతోంది. అంచుకు చిన్న గాటు.

తీయలేదు.