పన్నెండు నారింజ జాకెట్లు

జూన్ 3, మంగళవారం

ఈ రోజు ఒక ఫిజిక్స్ టీచర్ వచ్చింది. వెంట వాళ్ల నాన్నగారు. ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యారట. ఇద్దరూ కనూ పడవలో తొమ్మిది రోజుల ట్రిప్‌కి వెళ్తున్నారు. పై సరస్సులో మొదలుపెట్టి, నది వెంట అడవి గుండా కింద ఆనకట్ట దాకా. దారిలో ఊరు లేదు, సిగ్నల్ లేదు. కనూ స్నేహితురాలిది ఉంది, మిగతావన్నీ కొనాలి. ఇప్పటికే మూడు షాపులు తిరిగారట. ఏ ఒక్కచోటా అన్నీ దొరకవు, ఆన్‌లైన్లో తెప్పిద్దామంటే చేత్తో పట్టుకుని చూడందే తనకు నమ్మకం కుదరదు అంది. నాకు తెగ నచ్చేసింది.

రెండు గంటలు పట్టింది. షాపు మధ్యలో టెంట్ వేసి చూపించాను. డ్రై బ్యాగ్ మూతి మూడు మడతలు వేసి బకిల్ పెడితే చుక్క నీరు లోపలికి పోదని చెప్పాను. తెడ్డు ఎంత పొడవుండాలో పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కొలిచాను. స్టీరింగ్ లేని బండి జన్మలో ఎక్కలేదమ్మా, దీనికి హారన్ ఎక్కడుంటుంది అని అడిగారు. ఆయనకు ఈత రాదట.

అందుకే లైఫ్ జాకెట్ల దగ్గర టీచర్ చాలాసేపు ఆగింది. కొత్త స్టాక్, నారింజ రంగు. పోయిన నెలే అన్నయ్య తెప్పించాడు. ఇవి నమ్మొచ్చా అని అడిగింది. పెద్దాయనకు నేనే తొడిగి, బెల్టులు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూపించాను. నమ్మొచ్చు అన్నాను.

షాపు అన్నయ్యది. నా విడాకులయ్యాక, ఏం చేయాలో తోచక తిరుగుతుంటే ఈ కౌంటర్‌లో కూర్చోబెట్టాడు. పదకొండేళ్లయింది. అడవిలో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు నేను. ఈ మాట కస్టమర్లకు చెప్పను.

జూన్ 5, గురువారం

టీచర్ వాళ్లు బయల్దేరారు. ఫోటో పంపింది. ఇద్దరి ఒంటి మీదా మా జాకెట్లే.

జూన్ 7, శనివారం, ఉదయం 11

అక్షరాలు వంకరపోతున్నాయి.

షాపు తెరవగానే ప్లంబర్ వచ్చాడు. పోయిన వారమే జాకెట్ కొన్నాడు. దాన్ని కౌంటర్ మీద పడేసి, ఇది జాకెట్టా స్పాంజా అని అడిగాడు. నిన్న స్విమ్మింగ్ పూల్‌లో వేసుకున్నాడట. పది నిమిషాలు బాగానే తేలిందట. తర్వాత నీళ్లు మెడ దాకా, ఆ తర్వాత ముక్కు దాకా. నాకు ఈత వచ్చు కాబట్టి మీ ముందు నిలబడి తిడుతున్నాను, రానివాడైతే వాడి తరఫున ఎవరొస్తారు అన్నాడు.

వెనక గదిలో కనూలు కడిగే తొట్టి ఉంది. నింపాను. పాత స్టాక్ జాకెట్ ఒకటి, నారింజది ఒకటి తెచ్చి, రెండింటికీ ఒకే బరువు టెంట్ మేకుల మూట కట్టి వదిలాను. గడియారం చూస్తూ నిలబడ్డాను. పాతది కదల్లేదు. నారింజది పన్నెండు నిమిషాలకు అడుగున కూర్చుంది.

ఇంకోటి తీసి చూశాను. అదీ అంతే. కత్తెరతో కుట్లు విప్పి లోపలి ఫోమ్ పిండాను. మోచేతుల దాకా నీళ్లు కారాయి.

ఇప్పటికి పన్నెండు అమ్మాం.

అదే రోజు, సాయంత్రం 4

అన్నయ్య తొట్టి వైపు ఒక్కసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. సప్లయర్‌కి ఫోన్ చేశాడు. శనివారం కదా, ఎత్తలేదు. సోమవారం దాకా ఆగుదాం అన్నాడు. టీచర్ వాళ్ల సంగతో అన్నాను. ఆ అడవి చూసుకునే రేంజర్‌కి చెబితే షాపుకి తాళం పడుతుంది, ఊళ్లో తలెత్తుకోలేం అన్నాడు. అయినా కనూ ఎక్కినవాళ్లంతా నీళ్లలో పడతారా ఏంటి, నువ్వు మరీనూ అన్నాడు.

అన్నయ్యకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు.

టీచర్ ఫోన్ స్విచ్ ఆఫ్. పదిహేనుసార్లు చేశాను.

జూన్ 8, ఆదివారం, మధ్యాహ్నం

టెంట్లు సర్దాను. సర్దినవే మళ్లీ సర్దాను.

అదే రోజు, సాయంత్రం 5

వదిన టీ పట్టుకుని వెనక గదిలోకి వచ్చింది. తొట్టి అడుగున జాకెట్ చూసి ఇదేంటని అడిగింది. అన్నయ్య ఆమెకు చెప్పనేలేదు. నేను చెప్పాను. టీ చల్లారేదాకా వింది. మీ అన్నయ్య చెడ్డవాడు కాదు, భయస్తుడు, ఆ భయస్తుడి మాట పట్టుకుని నువ్వు ఒక రోజంతా పోగొట్టావు అంది. గూబ మీద కొట్టినట్టయింది. మళ్లీ తనే ఫోన్ నా చేతిలో పెట్టింది. నువ్వు చెయ్యి, తిట్లు నేను తింటాలే అంది.

రేంజర్ వెంటనే ఎత్తాడు. టీచర్ బయల్దేరే ముందు ఇచ్చిన రూట్ కాగితం అతని దగ్గరే ఉంది. దాని ప్రకారం రేపో ఎల్లుండో చెక్క వంతెన కింద నుంచి వెళ్లాలి. వంతెన దాటితే ఆరు కిలోమీటర్లు రాళ్లే, నీళ్లు ఉరకలు పెడతాయి. పొద్దున్నే జీపులో వెళ్దాం, మంచి జాకెట్లు రెండు పట్టుకురండి అన్నాడు. ఆ తర్వాత మామూలుగానే అన్నాడు, నిన్న చెప్పుంటే వాళ్లింకా సరస్సులోనే ఉండేవాళ్లు, మోటార్ బోటులో గంటలో అందుకునేవాళ్లం అని.

జూన్ 9, సోమవారం, మధ్యాహ్నం 3

వంతెన మీద ఉన్నాను. అన్నయ్యకు చెప్పకుండా వచ్చాను. నీళ్లు డికాక్షన్ రంగులో ఉన్నాయి. కింది నుంచి రాళ్ల హోరు ఆగకుండా వినిపిస్తోంది. కొట్టుకొచ్చే ప్రతి దుంగా కనూలా కనిపిస్తోంది. రెండుసార్లు అరిచాను.

సాయంత్రం 6. రాలేదు.

జూన్ 10, మంగళవారం

పదిన్నరకు వచ్చారు.

అన్నీ రాయాలి. రాత్రి టెంట్‌లోనే ఉన్నాం, చెరొకదాంట్లో. నేను కొట్టిన మేకు ఒక్కటీ తిన్నగా దిగలేదు, రేంజరే వచ్చి కొట్టాడు. తెల్లారినప్పటి నుంచి వంతెన మీదే ఉన్నాను. మలుపులో ముందు తెడ్డు మెరిసింది. తర్వాత టీచర్ కనిపించింది. ముందు సీటు ఖాళీగా ఉంది. వంతెన కమ్మీ పట్టుకున్నాను. దగ్గరికొచ్చాక తెలిసింది, పెద్దాయన కనూ అడుగున చతికిలబడి కూర్చున్నారు. ఛాతీకి ముందొకటి, వెనకొకటి, గాలి నింపి మూతి మడిచిన డ్రై బ్యాగులు. టెంట్ తాళ్లతో కట్టి ఉన్నాయి.

సరస్సులోంచి నదిలోకి దిగేచోట కనూ తిరగబడిందట. పెద్దాయన దాని అంచు పట్టుకుని వేలాడారట. ఒడ్డు చేరడానికి ఇరవై నిమిషాలు పట్టిందట. మొదట్లో జాకెట్ తేల్చింది, చివర్లో అదే కిందికి లాగింది అని టీచర్ చెప్పింది. జుట్టు పట్టుకుని ఆయన తల పైకెత్తి ఉంచిందట. ఒడ్డెక్కి జాకెట్ పిండాక సంగతి అర్థమైందట. ఇదంతా రేంజర్‌కే చెప్పింది. నా వైపు చూడలేదు.

ఎప్పుడు జరిగిందని అడిగాను. ఆదివారం మధ్యాహ్నం అంది.

ఆదివారం మధ్యాహ్నం నేను టెంట్లు సర్దుతున్నాను.

చెప్పేశాను. నాకు శనివారం పొద్దునే తెలుసని. ఎందుకాగానో చెప్పబోయి మానేశాను. పెద్దాయన అన్నారు, ఒకసారి మా డిపోలో బ్రేకు సరిగా పట్టని బస్సు ఇచ్చి ఒక్క ట్రిప్పు వేసి రమ్మన్నారమ్మా అని. ఏం చేశారని అడిగాను. తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికెళ్లిపోయాను అన్నారు. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

తెచ్చిన జాకెట్లు ఇచ్చాను. టీచర్ తొడుక్కోలేదు. ఒక్కోదానికి ఒక రాయి కట్టి ఒడ్డు పక్కన నీళ్లలో వదిలింది. వాచీ చూసుకుంటూ కూర్చుంది. పది నిమిషాలు. ఇరవై. నేను నిలబడే ఉన్నాను. అరగంట గడిచినా అవి తేలుతూనే ఉంటే లేచి, ఒకటి బయటికి తీసి, పిండి, వాసన కూడా చూసి వాళ్ల నాన్నకు తొడిగింది. బెల్టు బిగిద్దామని నేను చెయ్యి చాపాను.

"వద్దండీ, నేను చూసుకుంటాను" అంది.

జీపెక్కమని రేంజర్ ఎంత చెప్పినా వినలేదు. ఆనకట్ట దాకా టికెట్ తీసుకున్నాం, మధ్యలో దిగం అన్నారు పెద్దాయన. రాళ్లున్నంత మేరా ఒడ్డెక్కి కనూ మోసుకుంటూ నడుస్తామన్నారు. మునిగే జాకెట్లు రెండూ రేంజర్ తీసుకున్నాడు.

జూన్ 11, బుధవారం

షాపు తలుపు మీద కాగితం అంటించి ఉంది. నారింజ రంగు జాకెట్లు వాడకండి, వెంటనే తెచ్చివ్వండి అని. చేతిరాత వదినది. కింద సంతకం అన్నయ్యది.

జాకెట్లు కొన్నవాళ్ల ఫోన్ నంబర్ల కాగితం అన్నయ్య నా ముందు పెట్టి, సగం చించి తను తీసుకున్నాడు. సాయంత్రం దాకా ఇద్దరం చెరో మూల కూర్చుని ఫోన్లు చేశాం. ఒకావిడ మీద అరిచినట్టే మాట్లాడాడు, దయచేసి వేసుకోకండమ్మా అని.

జూన్ 13, శుక్రవారం

టీచర్ వాళ్లు ఆనకట్ట చేరారని రేంజర్ ఫోన్ చేశాడు. వదినకు చెప్పి ఏడ్చాను.

పదకొండు జాకెట్లు దొరికాయి. పన్నెండోదానికి పేరు లేదు, నంబర్ లేదు. వర్షంలో ఒకాయన హడావుడిగా వచ్చి కొనుక్కుపోయాడు. అమ్మింది నేనే. ముఖం గుర్తులేదు. తడిసిన గొడుగు మాత్రం గుర్తుంది.

జూన్ 15, ఆదివారం

మంచి ఎండ. నది నిండా పడవలు. రేవులో నిలబడి, నారింజ రంగు కనిపించిన ప్రతిసారీ రెండు చేతులూ ఊపుతున్నాను. వాళ్లూ నవ్వుతూ ఊపుతున్నారు.