మూలకు పడ్డ మనిషి

ఏమే, విన్నవా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. సంవత్సరికం నాడు దండ వేద్దమంటే నీ ఫోటో ఒక్కటి లేదు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతదని జీవితమంత కొంగు అడ్డం పెట్టుకుంటివి. ఏం పెరిగిందే నీ ఆయుష్షు?

మన అనసూయ వికారాబాద్ బడిల పంతులమ్మ గద, ఆడ కొత్తగ ఫోటోల క్లబ్బు పెట్టిండ్రు. "రా నాయినా, జర పొద్దుపోతది" అని తాండూరు నుంచి నన్ను రైలుల తీస్కపోయింది. ఏం పొద్దుపోవుడో ఏమో. నలుగురు సార్లు ఒక్క ఫోటో ముంగట నిలబడి ఒకటే లొల్లి. తాండూరు అంగట్ల తీసిన పొట్టేలు ఫోటో అది. మూలకున్న ఆడామె అంత పాడుచేసింది, కోసి పారెయ్యాలని ఒకాయన. ఆమెతోని కాదు, వెలుతురు చాలక పాడైందని ఇంకొకాయన. నాకు తలనొప్పి లేచింది. ఏముందో చూద్దమని లేచి పోయిన.

మూలకున్నది నువ్వే.

"అయ్యా, పొట్టేలును మీరే ఉంచుకోండ్రి, గామెను నాకియ్యుండ్రి" అన్న.

"ఎవరు తాతా ఆమె?"

"నా పెండ్లాం."

అనసూయ ఏడ్చింది. నాకైతే నవ్వు ఆగలేదు, సంతోషంతోని అందరికి దండాలు పెట్టిన.

కత్తెర తెచ్చి నిన్ను కోసిచ్చిండ్రు. తీస్తున్నరని నీకు తెల్వదు, అందుకే కొంగు అడ్డం లేదు. నోరు తెరిచి ఎవరినో తిడుతున్నవ్. ఎవరినో ఏంది, నన్నే. ఆ పొట్టేలు మనదే, అగ్గువకు అమ్మిన్నని అంగడంత వినేటట్టు తిట్టలేదా?

ఇగ గోడెక్కి రోజూ తిట్టు. వింట.