గుట్ట వెనక భిక్షువులు

1949, మాఘం, మంగళవారం. మర్రిగూడ.

రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువులా కృష్ణ ఒడ్డుకు నడిచి వెళ్తున్నట్టు రాయమని ఐదో తరగతికి నేనే చెప్పాను. రాజుల పేర్లు బట్టీ పట్టించడం కంటే ఇదే మేలనుకున్నాను.

మేకల మల్లయ్య కూతురు సత్తెమ్మ ఇలా రాసింది: "గుట్ట ఎనుక గుహల ఐదుగురు భిక్షువులున్నరు. ఒకాయన కాలికి గాయమైంది. మా అవ్వ ఇచ్చిన జొన్నరొట్టెలు ఇచ్చి వచ్చిన."

మురిసిపోయి, అలవాటు ప్రకారం మంచి వ్యాసమని తరగతిలో గట్టిగా చదివాను. పోలీసు పటేలు కొడుకూ విన్నాడు.

బడి విడిచాక, ఇంత ఊహ ఎక్కడిదే అని అడిగాను. పిల్ల తల వంచుకుంది.

"ఊహ నాకు రాదు సార్. చూసిందే రాసిన. భిక్షువులన్న పేరే మీరు చెప్పింది."

కమ్యూనిస్టు దళాల కోసం మిలిటరీ వాళ్లు వారం రోజులుగా గుట్టలు గాలిస్తున్నారు. వాళ్ల డేరాలు బడి వెనకే ఉన్నాయి.

వెంటనే మల్లయ్య దగ్గరికి పోయి, తరగతంతా విన్నదని, గుహలోని వాళ్లను ఈ రాత్రికే తరలించమని చెప్పాను.

"నడవనోన్ని యాడికి మోసుకపోవాలె సారూ?" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ కాగితం పొయ్యిలో వేశాను. కానీ ముప్పై మంది పిల్లలు విన్నారు. విన్నది మరిచిపోవద్దని రోజూ వాళ్లకు చెప్పేది నేనే.